కంపైలరు మారినప్పుడు చెడే ప్రోగ్రాములు: కారణాలు, దోషాన్వేషణ

సి, సి++ వంటి భాషలలో మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేరును కంపైలరు అంటారు. ఏళ్ల తరబడి సజావుగా నడిచిన ప్రోగ్రాము, అందులో ఒక్క అక్షరమైనా మారకపోయినా, కంపైలరు మారగానే కంపైల్ కాకుండా ఆగిపోవడం, లేదా కంపైల్ అయి కూడా తప్పు ఫలితం ఇవ్వడం సాఫ్ట్‌వేరు నిర్వహణలో తరచు ఎదురయ్యే సమస్య. ఇందులో నేరం కొత్త కంపైలరుదే అని మొదట అనిపించడం సహజమే గాని, విచారిస్తే చాలాసార్లు తేలేది వేరు: భాషా ప్రమాణం ఎక్కడా హామీ ఇవ్వని ఒక సౌకర్యం మీద ప్రోగ్రాము మొదటినుంచీ ఆధారపడి ఉంటుంది, పాత కంపైలరు దాన్ని చూసీ చూడనట్టు వదిలేసి ఉంటుంది, కొత్తది వదలదు. కనుక ఈ రకం దోషాన్వేషణ ప్రధానంగా, ప్రోగ్రాము రాసినవారు తమకు తెలియకుండానే నమ్మిన సంగతిని వెదికి పట్టుకునే పని.

సి భాషను డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించాడు. దానికి అమెరికా ప్రమాణం 1989లో, అంతర్జాతీయ ప్రమాణం 1990లో వచ్చాయి. ఆ తరువాత 1999, 2011 సంవత్సరాలలో సవరణలు వెలువడ్డాయి, సి23 అని పిలిచే తాజా ప్రమాణం 2024లో అచ్చయింది. సి++కు తొలి అంతర్జాతీయ ప్రమాణం 1998లో మాత్రమే ఏర్పడింది. ప్రమాణం అంటే కంపైలరు రాసేవారికీ ప్రోగ్రాము రాసేవారికీ మధ్య ఉన్న ఒప్పంద పత్రం. ఆ పత్రంలో లేని సౌకర్యాలను కంపైలరు తనంతట తాను ఇవ్వవచ్చు, మరుసటి విడుదలలో తీసివేయవచ్చు, అందుకు ఎవరికీ జవాబుదారీ కాదు.

టర్బో సి నుంచి జీసీసీకి

తెలుగు నాట ఈ సమస్యను అత్యధికులు ఎదుర్కొన్న సందర్భం ఒక వెర్షను నుంచి మరో వెర్షనుకు మారడం కాదు, ఒక కాలపు కంపైలరు నుంచి మరో కాలపు కంపైలరుకు మారడం. పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం మైదానాలలో 1981లో బాపట్ల ఇంజినీరింగ్ కళాశాల, 1985లో గుంటూరు శివారు చౌడవరంలో ఆర్‌వీఆర్ అండ్ జేసీ కళాశాల ఏర్పడిన తరువాత, మిగతా రాష్ట్రంలో వలెనే ఇక్కడ కూడా ఇంజినీరింగ్ విద్య వేగంగా విస్తరించింది. 2008లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం నాలుగుగా విడిపోయినప్పుడు ఈ రెండు జిల్లాల కళాశాలల్లో అనేకం కాకినాడ విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. రాష్ట్రంలోని ఇంజినీరింగ్ కళాశాలల్లో, ఇంకా దేశమంతటా, మొదటి సంవత్సరం విద్యార్థి సి నేర్చుకున్నది చాలాకాలం బోర్లాండ్ సంస్థ టర్బో సి, టర్బో సి++ కంపైలర్ల మీదనే. నీలి తెర, కంట్రోల్ ఎఫ్9 నొక్కితే రన్, ఆల్ట్ ఎఫ్5 నొక్కితే అవుట్‌పుట్ అన్నవి కొన్ని తరాల విద్యార్థులకు సి భాషకు పర్యాయపదాలయ్యాయి.

టర్బో సి మొదటి విడుదల 1987లో వెలువడింది. కళాశాలల్లో స్థిరపడిన టర్బో సి++ 3.0 వచ్చింది 1991లో. రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన జీసీసీ కంపైలరు కూడా 1987లోనే బయటికి రావడం యాదృచ్ఛికం. ఆ రెండింటిలో మొదటిది డాస్ ఆపరేటింగ్ సిస్టముకూ 16 బిట్ల ప్రాసెసరుకూ కట్టుబడి అక్కడే నిలిచిపోగా, రెండోది యంత్రాలతోపాటు, ప్రమాణాలతోపాటు మారుతూ వచ్చింది. 64 బిట్ల విండోస్ 16 బిట్ల డాస్ ప్రోగ్రాములను నడపదు కనుక, కొత్త కంప్యూటర్లు వచ్చాక పాత డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేరులో టర్బో సిని పెట్టి నడిపే ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. బోధన మారకుండా ఉండేందుకు పనికివచ్చిన ఈ ఉపాయం అసలు మార్పును మరికొన్నేళ్లు వాయిదా వేసింది. మరోవైపు స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంస్థలు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చి కళాశాలల్లో ప్రచారం చేశాయి. 2023లో అమలుకు వచ్చిన కాకినాడ విశ్వవిద్యాలయపు ఆర్‌23 నియమావళి ప్రోగ్రామింగ్ ల్యాబు మొదటి వారంలోనే లినక్స్ వాతావరణాన్నీ, టర్బో సితోపాటు జీసీసీనీ పరిచయం చేయమంటున్నది. రెండు కంపైలర్లను ఒకే పంక్తిలో పేర్కొన్న ఆ పాఠ్యప్రణాళికలో ఈ వ్యాసానికి కావలసిన చరిత్ర అంతా ఉన్నట్టే.

కంపైల్ దశలో ఆగిపోయేవి

టర్బో సి ప్రోగ్రామును లినక్స్‌లోని జీసీసీకి ఇచ్చినప్పుడు మొట్టమొదట కనిపించేది హెడర్ ఫైలు దొరకలేదన్న ఎర్రరు. హెడర్ ఫైలు అంటే ప్రోగ్రాము వాడుకునే ఫంక్షన్ల పేర్లు, వాటి రూపాలు ప్రకటించే ఫైలు. తెర తుడిచే క్లియర్ స్క్రీన్ ఫంక్షనూ, ఒక మీట నొక్కేదాకా ఆగే గెట్‌సీహెచ్ ఫంక్షనూ కోనియో అనే హెడరులో ఉంటాయి. అది బోర్లాండ్ వంటి డాస్ కంపైలర్ల సొంత సరుకే తప్ప సి ప్రమాణంలో భాగం కాదు. విండోస్‌లో జీసీసీని అందించే మింజీడబ్ల్యూలో ఇదే పేరుతో ఒక హెడరు ఉన్నా అందులో గెట్‌సీహెచ్ ఉంటుంది, క్లియర్ స్క్రీన్ ఉండదు. సగం పనిచేసి సగం చెడే ఈ స్థితి పూర్తిగా చెడటం కంటె విద్యార్థిని ఎక్కువ తికమక పెడుతుంది. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ హెడరు, డాస్ అంతరాయాలను పిలిచే డాస్ హెడరు సంగతీ ఇంతే.

హెడరు పంక్తిని తీసేసి క్లియర్ స్క్రీన్ పిలుపును మాత్రం వదిలేస్తే ఏమవుతుందన్నది గమనించదగినది, ఎందుకంటే ఒకే దోషం జీసీసీ వెర్షనును బట్టి వేర్వేరు దశల్లో బయటపడుతుంది. 1989 నాటి సిలో ముందుగా ప్రకటించని ఫంక్షనును పిలిస్తే అది పూర్ణాంకాన్ని తిరిగి ఇస్తుందని కంపైలరు ఊహించుకునేది. 1999 ప్రమాణం ఈ వెసులుబాటును తొలగించినా, పాత ప్రోగ్రాములు ఆగిపోతాయన్న వెరపుతో జీసీసీ పాతికేళ్లపాటు వార్నింగుతో సరిపెట్టింది. కనుక పాత జీసీసీలో ఆ ప్రోగ్రాము కంపైల్ దశ దాటి, ముక్కలన్నిటినీ కలిపే లింకరు దగ్గర, అటువంటి ఫంక్షను ఎక్కడా లేదన్న ఫిర్యాదుతో ఆగేది. 2024 మేలో వచ్చిన జీసీసీ 14 దీన్ని కంపైల్ దశలోనే ఎర్రరుగా మార్చింది. ఈ కాఠిన్యం మేలుకే వచ్చింది. పాయింటరును, అంటే మెమరీ చిరునామాను, తిరిగి ఇచ్చే ఫంక్షను వేరే ఫైలులో ఉండి, దాన్ని ప్రకటించకుండా పిలిస్తే, 64 బిట్ల చిరునామాలో సగం తెగిపోయి 32 బిట్ల పూర్ణాంకంగా చేతికొస్తుంది. ప్రోగ్రాము కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది, నడుస్తూ నడుస్తూ కూలిపోతుంది.

సి++ ప్రోగ్రాములలో తేడాలు ఇంకా ముందే మొదలవుతాయి. టర్బో సి++ 3.0 ప్రమాణానికి ఏడేళ్ల ముందుది కావడంతో, అందులో ఐఓస్ట్రీమ్ హెడరు పేరుకు చివర హెచ్ తోక ఉంటుంది, ప్రామాణిక పేర్లను ఒకచోట చేర్చే ఎస్‌టీడీ నేమ్‌స్పేస్ ఉండదు. జీసీసీ ఆ పాత హెడర్లను 2008 నాటి 4.3 వెర్షనులో పూర్తిగా తొలగించింది. ఫర్ లూపులో ప్రకటించిన వేరియబుల్‌ను లూపు బయట కూడా వాడుకోవడం పాత వ్యాకరణంలో చెల్లేది, ప్రమాణంలో చెల్లదు. మెయిన్ ఫంక్షను ఏమీ తిరిగి ఇవ్వదని వాయిడ్‌తో రాసే అలవాటును జీసీసీ సిలో మహా అయితే ఒక వార్నింగుతో సహిస్తుంది, సి++లో నిరాకరిస్తుంది.

ఒకే కంపైలరులో ఒక వెర్షను నుంచి తరువాతి దానికి వెళ్లినప్పుడు ఎక్కువ చిక్కు తెచ్చేది భాషా ప్రమాణపు డిఫాల్టు, అంటే ఏమీ చెప్పనప్పుడు కంపైలరు పాటించే ప్రమాణం. జీసీసీలో సి డిఫాల్టు 2015 నాటి 5వ వెర్షనులో 1989 నుంచి 2011 ప్రమాణానికి మారింది, 2025 నాటి 15వ వెర్షనులో సి23కు మారింది. సి23లో బూల్, ట్రూ, ఫాల్స్ అన్నవి భాష సొంత పదాలు కాబట్టి, ఆ పేర్లను తామే నిర్వచించుకున్న పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి. ఫంక్షను ప్రకటనలో ఖాళీ బ్రాకెట్లు ఉంటే ఆర్గ్యుమెంట్లు ఏవైనా కావచ్చు అన్న పాత అర్థం పోయి, అసలేవీ లేవు అన్న అర్థం వస్తుంది. సి++ డిఫాల్టు 2021 నాటి 11వ వెర్షనులో 2017 ప్రమాణానికి మారడంతో, డేటా, సైజ్ వంటి పేర్లతో గ్లోబల్ వేరియబుళ్లు పెట్టుకుని ఎస్‌టీడీ నేమ్‌స్పేస్ మొత్తాన్నీ తెచ్చుకున్న ప్రోగ్రాములలో, ఆ పేరు ఎవరిదో తెలియడం లేదన్న ఎర్రరు పుట్టింది.

లింక్ దశలో ఆగిపోయేవి

వర్గమూలం వంటి గణిత ఫంక్షన్లను టర్బో సి తానే కలుపుకునేది. లినక్స్‌లో జీసీసీకి గణిత లైబ్రరీని కలపమని విడిగా చెప్పవలసి ఉంటుంది. 2020 నాటి జీసీసీ 10 తెచ్చిన మార్పు మరో రకం. ఒక గ్లోబల్ వేరియబుల్‌ను హెడరులో నేరుగా నిర్వచించి, ఆ హెడరును రెండు మూడు ఫైళ్లలో చేర్చుకుంటే, పాత వెర్షన్లు వాటన్నిటినీ ఒకటిగా కలిపేసేవి. పదో వెర్షను నుంచి లింకరు అది ఒకటికంటె ఎక్కువసార్లు నిర్వచితమైందని ఆపేస్తుంది. హెడరులో ఎక్స్‌టర్న్‌తో ప్రకటన మాత్రమే ఉంచి, నిర్వచనాన్ని ఒక్క ఫైలుకు మార్చడమే దీనికి సరైన చికిత్స. సి++లో, జీసీసీ 5 స్ట్రింగు రకపు అంతర్గత నిర్మాణాన్ని మార్చడంతో, పాత కంపైలరుతో తయారైన లైబ్రరీని కొత్తదానితో తయారైన ప్రోగ్రాముకు జతచేసినప్పుడు పేర్లు కలవక లింకు విఫలమైన సందర్భాలు అనేకం.

కంపైల్ అయి తప్పు చెప్పేవి

ఎర్రరు చూపి ఆగిపోయే ప్రోగ్రాము నిజాయితీగా ఆగినట్టు లెక్క, భయపడవలసింది ఆగనిదానికి. టర్బో సిలో ఇంట్ రకం 16 బిట్లది, అంటే అందులో -32,768 నుంచి 32,767 వరకే పడుతుంది. నేటి జీసీసీలో అది 32 బిట్లది. ల్యాబులో ప్రతి విద్యార్థీ రాసే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము 7 వరకు రెండింటా ఒకే జవాబిస్తుంది. 8కి మాత్రం టర్బో సి 40,320 బదులు -25,216 చూపిస్తుంది. జీసీసీలో 12 వరకు సరిగా వచ్చి 13 దగ్గర తప్పుతుంది. దోషం తొలగలేదు, దూరం జరిగింది. గుంటూరు మిర్చి యార్డుకు సీజనులో రోజుకు లక్ష దాటి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, రావడం మామూలే కనుక, ఆ రాబడిని ఇంట్‌లో కూడే విద్యార్థి ప్రాజెక్టు ఒకటి ఉన్నదనుకుంటే, సరిగ్గా లక్ష టిక్కీల దగ్గర టర్బో సిలో అది -31,072 అని చూపుతుంది, జీసీసీలో సరైన అంకె చూపుతుంది. ఇక్కడ మార్పు వల్ల లాభమే కలిగింది. అదే ప్రాజెక్టు తన రికార్డులను బైనరీ ఫైలులో దాచుకుని ఉంటే కథ తిరగబడుతుంది. లాటు సంఖ్యకు ఇంట్, గ్రేడుకు ఒక అక్షరం, బరువుకు ఫ్లోట్ ఉన్న రికార్డు టర్బో సిలో మామూలుగా 2, 1, 4 కలిపి 7 బైట్లు. జీసీసీలో ఇంట్ 4 బైట్లు కావడమే కాక, ఫ్లోట్ నాలుగు బైట్ల హద్దు మీద మొదలుకావాలని మధ్యలో 3 బైట్ల ఖాళీ చేరుతుంది, మొత్తం 12 అవుతుంది. పాత ఫైలును కొత్త ప్రోగ్రాముతో చదివితే ఎర్రరేమీ రాదు. మొదటి లాటు నుంచే చెత్త అంకెలు వస్తాయి.

డాస్‌లో మెమరీకి కాపలా లేదు. విలువ ఇవ్వని పాయింటరు ద్వారా ఎక్కడో రాసినా ప్రోగ్రాము చాలాసార్లు పూర్తయ్యేది, మహా అయితే చివర నల్ పాయింటర్ అసైన్‌మెంట్ అన్న ఒక సందేశం కనిపించేది. లినక్స్‌లో అదే పనికి ఆపరేటింగ్ సిస్టమే ప్రోగ్రామును చంపేస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య రాసిన ఊరి పేరులో మొదటి అక్షరాన్ని పాయింటరుతో మార్చడం టర్బో సిలో చెల్లింది. జీసీసీ అటువంటి పదాలను చదవడానికి మాత్రమే వీలైన చోట పెడుతుంది కనుక మార్చబోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తుంది. ఈ పాత అలవాటును అనుమతించే ఆప్షను కూడా 2005 నాటి 4.0 వెర్షనులో పోయింది.

వీటిలో చాలావాటికి మూలమైన భావన అనిర్వచిత ప్రవర్తన. ప్రమాణం కొన్ని పనులకు ఫలితమేమిటో చెప్పదు; అలాంటి పని చేసిన ప్రోగ్రాము పట్ల కంపైలరుకు ఏ బాధ్యతా ఉండదు. దీనికి మన పరీక్షల సంస్కృతి నుంచే మంచి ఉదాహరణ దొరుకుతుంది. ఐ విలువ 5 అయినప్పుడు ++ఐ + ++ఐ ఎంత అన్న ప్రశ్న రాత పరీక్షల్లో, ఉద్యోగాల ఎంపిక పరీక్షల్లో పదేపదే కనిపిస్తుంది. ఒకే వ్యక్తీకరణలో ఒకే వేరియబుల్‌ను, వరుస నిర్ణయం కాకుండా, రెండుసార్లు మార్చడాన్ని ప్రమాణం నిర్వచించలేదు. జీసీసీ జవాబు 14 అంటుంది, క్లాంగ్ అనే మరో కంపైలరు 13 అంటుంది, రెండూ తప్పు కావు. పైన చెప్పిన ఆర్‌23 ల్యాబు జాబితాలో సైతం జే = (ఐ++) + (++ఐ) అన్నది విలువ కట్టవలసిన వ్యక్తీకరణగా ఉన్నది. ఒక కంపైలరు స్వభావాన్ని భాషా నియమంగా బోధించినప్పుడు, కంపైలరు మారిన రోజున విద్యార్థికి ప్రోగ్రాము ఒక్కటే కాదు, నేర్చుకున్న పాఠం కూడా చెడినట్టవుతుంది.

ఆప్టిమైజేషన్, అంటే ప్రోగ్రాము వేగం పెంచడానికి కంపైలరు చేసే సవరణ, ఈ అనిర్వచిత ప్రవర్తనను ఆసరా చేసుకుంటుంది. గుర్తు గల పూర్ణాంకం హద్దు దాటడం అనిర్వచితం కాబట్టి అది ఎన్నడూ జరగదని కంపైలరు అనుకోవచ్చు. అందుచేత ఒక సంఖ్యకు 1 కలిపితే అది తగ్గిందా అని హద్దును పరీక్షించే షరతును, ఎప్పటికీ నిజం కాదన్న లెక్కన, పూర్తిగా తుడిచివేస్తుంది. 2009లో లినక్స్ కెర్నెల్‌లోని టన్ డ్రైవరులో బయటపడిన భద్రతా లోపం ఇలాంటిదే: ఒక పాయింటరు ద్వారా ముందు చదివి, తరువాత అది నల్ అవునా అని పరీక్షించారు, చదివారు కనుక అది నల్ కాజాలదని జీసీసీ ఆ పరీక్షను తొలగించింది, దాడి చేసేవారికి దారి దొరికింది. ఆపైన కెర్నెల్‌ను ఆ రకం తొలగింపు వద్దన్న ఆప్షనుతో కంపైల్ చేయడం మొదలైంది. 2016 నాటి జీసీసీ 6, సి++లో దిస్ పాయింటరు ఎన్నటికీ నల్ కాదన్న లెక్కతో ఇలాంటి పరీక్షలను మరింతగా తొలగించినప్పుడు క్యూటీ, క్రోమియం వంటి పెద్ద ప్రాజెక్టులే ఇబ్బంది పడ్డాయి.

దోషాన్వేషణ పద్ధతి

మొదటి నియమం ఒకసారికి ఒక్కదాన్నే మార్చడం. కంపైలరుతోపాటు ఆపరేటింగ్ సిస్టము, లైబ్రరీలు కూడా ఒకేసారి మారినప్పుడు, పాత, కొత్త కంపైలర్లను ఒకే యంత్రం మీద పక్కపక్కన ఉంచి, ఒకే ఆప్షన్లతో అదే ప్రోగ్రామును కంపైల్ చేసి పోల్చకపోతే నేరం ఎవరిదో తేలదు. పాత ఆబ్జెక్టు ఫైళ్లను పూర్తిగా తొలగించి మొదటినుంచీ కంపైల్ చేయడం కూడా అవసరం. సగం పాతవి, సగం కొత్తవి కలిసిన నిర్మాణం లేని రోగాలను పుట్టిస్తుంది. ఎర్రర్లు వందల్లో వచ్చినప్పుడు మొదటిదాన్నే చదవాలి. దొరకని ఒక హెడరు మిగతావాటిలో చాలావాటికి తల్లి. తరువాత పాత ప్రమాణాన్ని స్పష్టంగా పేర్కొని కంపైల్ చేస్తే, చెడింది డిఫాల్టు మారినందువల్లనా కాదా అన్నది క్షణంలో తెలుస్తుంది. ప్రతి పెద్ద వెర్షనుతోపాటు జీసీసీ బృందం ఏయే పాత అలవాట్లు ఆగిపోతాయో, వాటిని ఎలా సవరించాలో వివరించే మార్గదర్శిని ప్రచురిస్తుంది. దాన్ని చివరన కాక ముందుగా చదవడం వల్ల ఆదా అయ్యే శ్రమ చాలా ఉంటుంది.

తప్పు ఫలితం ఇచ్చేవాటికి దారి వేరు. వార్నింగులన్నిటినీ తెరిపించి కంపైల్ చేయాలి, పాత కంపైలరులో కూడా. ఆప్టిమైజేషన్ లేకుండా సరిగా, రెండో స్థాయిలో తప్పుగా నడిస్తే అనిర్వచిత ప్రవర్తననో, విలువ ఇవ్వని వేరియబుల్‌నో ముందుగా అనుమానించాలి. 2013, 2014 సంవత్సరాలలో 4.8, 4.9 వెర్షన్లతో జీసీసీలో చేరిన శానిటైజర్లు ప్రోగ్రాము నడుస్తుండగానే అరే హద్దు దాటడాన్నీ, విడిచిపెట్టిన మెమరీని తాకడాన్నీ, పూర్ణాంకం పొంగడాన్నీ పంక్తి సంఖ్యతో సహా పట్టిస్తాయి. ఇవీ మౌనంగా ఉంటే సగం ఫైళ్లను పాత కంపైలరుతో, సగం కొత్తదానితో కంపైల్ చేసి కలిపి, దోషం ఏ సగంలో ఉందో చూసి, ఆ సగాన్ని మళ్లీ విభజిస్తూ పోతే ఒక్క ఫైలు మిగులుతుంది. రెండు కంపైలర్ల నిర్మాణ ఒప్పందం, అంటే యంత్ర స్థాయిలో ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి, ఒకటే అయినచోట మాత్రమే ఈ ఉపాయం పనిచేస్తుంది. సిలో చాలావరకు చెల్లుతుంది, టర్బో సి, జీసీసీల మధ్య ఎంతమాత్రం చెల్లదు.

తప్పు నిజంగా కంపైలరుదే కావడం అరుదే గాని అసంభవం కాదు. యూటా విశ్వవిద్యాలయంలో జాన్ రెగర్ బృందం సీస్మిత్ అనే సాధనంతో యాదృచ్ఛిక ప్రోగ్రాములు పుట్టించి, అప్పటికి తెలియని 325కు పైగా దోషాలను వివిధ సి కంపైలర్లలో కనుగొన్నట్టు 2011లో ప్రకటించింది. అలా అనుమానించే ముందు, ప్రోగ్రామును దోషం ఇంకా కనిపిస్తూ ఉండేలా వీలైనంత చిన్నదిగా కుదించాలి. కుదించే క్రమంలో ఎక్కువమందికి తమ తప్పే దొరుకుతుంది.

పాత నడతను తిరిగి తెచ్చే ఆప్షన్లు జీసీసీలో చాలా ఉన్నాయి: పూర్ణాంకం హద్దు దాటితే చుట్టుకు రమ్మనేది, జీసీసీ 14 ఎర్రర్లను తిరిగి వార్నింగులుగా మార్చేది, పాత ప్రమాణాన్ని పాటించమనేది. విడుదల గడువు ముంచుకొచ్చినప్పుడు వీటిని వాడటం తప్పు కాదు. కాని ఆప్షను ఎందుకు చేర్చారో రాసిపెట్టకపోతే, పదేళ్ల తరువాత దాన్ని తీయడానికి ఎవరూ సాహసించరు. వెడల్పు పేరులోనే ఉన్న 1999 నాటి పూర్ణాంక రకాలను వాడటం, ప్రతి ఫంక్షనును ప్రకటించడం, తెర తుడిచే పనులను ఒకే ఫైలుకు పరిమితం చేయడం శాశ్వత చికిత్సలు. డాస్ కాలపు బైనరీ ఫైళ్ల విషయంలో మాత్రం కొత్త కంపైలరుతో కుస్తీ పట్టడం కంటె, డాస్‌బాక్స్‌లో టర్బో సిని చివరిసారి తెరిచి, పాత ప్రోగ్రాముకే నాలుగు పంక్తులు చేర్చి రికార్డులన్నిటినీ మామూలు టెక్స్ట్ ఫైలుగా రాయించుకుని, దాన్ని కొత్త ప్రోగ్రాముతో చదివించుకోవడం సులువు.